గేరు కూత

చౌమహల్లా ప్యాలెస్‌లో ఒక పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ఉన్నది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో చేయించమని పురమాయించిన సిల్వర్ ఘోస్ట్ అది. పైకట్టు లండనులోని బార్కర్ వారిది. కారు తయారై రాకముందే, ఆ ఏడాది ఆగస్టులోనే, ఆయన కాలం చేశారు. బండి ఆయన కుమారుడి ఏలుబడిలోకి వచ్చింది. ఆ తరువాత కూడా అది మొత్తం మీద కొన్ని వందల మైళ్ళకు మించి తిరగలేదంటారు.

చూడవచ్చిన వారందరూ వెనుకనున్న సింహాసనం వంటి ఆసనాన్నీ, గుమ్మటం వంటి కప్పునూ చూసి ముందుకు సాగిపోతారు. నేను మాత్రం నడుము వంచి, చక్రాల సందులోనుంచి బండి అడుగుభాగాన్ని చూడాలని నానా తిప్పలూ పడ్డాను. నాకు కావలసినది గేరుబాక్సు. ఏమీ కనబడలేదు. వెనుక నిలబడ్డ ఒక చిన్నపిల్ల "ఆ తాతది ఏదో కింద పడిపోయింది" అని వాళ్ళ అమ్మతో చెప్పడం వినబడింది. లేచి నిలబడ్డాను.

ఆ పెట్టెలో మూడు గేర్లుండాలి. 1906 చివర లోకానికి కనబడ్డప్పుడు ఈ కారుకు నాలుగు గేర్లు. 1909లో మూడు చేశారు. 1913లో మళ్ళీ నాలుగు చేశారు. నిజాం గారి బండి ఆ నడిమికాలం నాటిది. ప్రపంచంలోకెల్లా శ్రేష్ఠమైన కారు తమదేనని చాటుకున్న కంపెనీ, ఉన్న గేరును ఒకదాన్ని తీసివేసి, నాలుగేళ్ళకు మళ్ళీ ఎందుకు తెచ్చి పెట్టుకున్నది? నాకు తెలిసినంతలో దీనికంతటికీ మూలం శబ్దం.

శబ్దం సంగతి నన్నింతగా పట్టుకోవడానికి కారణమున్నది. 1979 నుంచి 2008 దాకా బాలానగర్ వైపు ఒక గేర్ల కర్మాగారంలో తనిఖీ విభాగంలో పనిచేశాను. నా పని గేర్లను వినడం. చదువరులు నవ్వుకోవచ్చును గానీ, నిజంగా అదే నా పని. ఆ సంగతికి కాస్త ఆగి వస్తాను.

మోటారు కార్లలో గేర్లు మార్చే పద్ధతి మనకు తెలిసిన రూపంలో 1891 ప్రాంతంలో పారిస్‌లో మొదలైంది. పానార్ కంపెనీ భాగస్వామి ఎమిల్ లెవాసర్ ఒక షాఫ్టు మీద చిన్నా పెద్దా గేర్లు బిగించి, వాటికి జోడైన గేర్లను ఎదుటి షాఫ్టు మీద అటూ ఇటూ జరిపే ఏర్పాటు చేశాడు. ఏ జత కలిస్తే ఆ వేగం. తొలిరోజుల్లో ఆ గేర్లకు పెట్టె కూడా లేదు, దుమ్ములోనే తిరిగేవి. తన పద్ధతి మోటుదే గానీ పనిచేస్తుందని ఆయనే ఒప్పుకున్నట్టు చెబుతారు. అది వినయం కాదు, ఉన్నమాట. తిరుగుతున్న రెండు గేర్లను పక్కనుంచి ఒకదాంట్లోకి ఒకటి తోయడమంటే, రెండింటి పళ్ళ అంచు వేగం ఒక్కటైన క్షణాన్ని పట్టుకుని తోయాలి. తప్పితే పళ్ళ కొసలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. పెళుసు ఉక్కయితే పెచ్చులు ఊడుతాయి, ఆ పెచ్చులు నూనెలో కలిసి మిగతా పళ్ళను నమిలేస్తాయి.

ఆ క్షణాన్ని పట్టుకోవడానికే మన పాత బస్సు డ్రైవర్లూ లారీ డ్రైవర్లూ "డబుల్ క్లచ్చి" కొట్టేవారు. క్లచ్చి తొక్కి న్యూట్రల్‌కు తేవడం, వదలడం, కింది గేరుకు దిగాలంటే ఆ మధ్యలో ఒక్కసారి ఆక్సిలేటరు ఇచ్చి ఇంజను వేగం పెంచడం, మళ్ళీ క్లచ్చి తొక్కి గేరు వేయడం. ఘాటు రోడ్డులో ముందు సీటులో కూర్చుని, ఆ "గుర్ర్" మనే శబ్దం వస్తుందా రాదా అని ఊపిరి బిగబట్టి చూసిన బాల్యం నాబోటివాళ్ళందరికీ ఉంటుంది. 1928లో అమెరికాలో కాడిలాక్ వారు ఎర్ల్ థామ్సన్ కనిపెట్టిన సింక్రోమెష్ పెట్టేదాకా, ఎంత ఖరీదైన కారుకయినా ఈ విద్య తప్పనిసరి. రోల్స్ రాయిస్‌కు అది 1932లో గానీ రాలేదు.

గేరు మార్చేటప్పటి శబ్దం ఒకటి, గేరులో పోతున్నప్పుడు ఆగకుండా వచ్చే శబ్దం మరొకటి. మొదటిది డ్రైవరు చేతివాటం. రెండోది పన్ను కోసినవాడి చేతివాటం. ధనవంతులకు డ్రైవరు ఎలాగూ ఉంటాడు, మార్చే బాధ వారిది కాదు. వెనుక సీటులో కూర్చుని గంటల తరబడి వినవలసినది మాత్రం ఆ రెండో శబ్దాన్నే. ఆ కాలపు ధనవంతుడు వేగంతో పాటు, చెప్పాలంటే దానికన్న ముందు, నిశ్శబ్దాన్ని కొనుక్కున్నాడు. "సిల్వర్ ఘోస్ట్" అన్న పేరే దానికి సాక్షి. వెండిరంగు వేసిన ఒక బండి దయ్యంలా చప్పుడు లేకుండా పోతున్నదని క్లాడ్ జాన్సన్ పెట్టిన పేరు అది, తరువాత ఆ రకం మొత్తానికీ అతుక్కుపోయింది. ఆ బండి 1907లో దాదాపు 15 వేల మైళ్ళ పరీక్షలో 14,371 మైళ్ళు దానంతట అది ఒక్కసారీ ఆగకుండా తిరిగింది. దానిని చేసిన హెన్రీ రాయిస్ రైల్వే వర్క్‌షాపులో పని నేర్చి, డబ్బు లేక మధ్యలో వదిలేసినవాడు. పెద్దవాడయ్యాక కూడా తనను మెకానిక్కు అనే చెప్పుకునేవాడు.

ఇప్పుడు ఆ నాలుగో గేరు సంగతి. లూయీ రెనో 1898 చివర తన చిన్న బండితో మోంమార్త్ర్ కొండ వీధి ఎక్కి చూపించిన ఉపాయం ఒకటున్నది. ఇంజను నుంచి వచ్చే షాఫ్టూ, వెనుక చక్రాలకు పోయే షాఫ్టూ ఒకే వరుసలో ఉంటాయి. వాటి పక్కన సమాంతరంగా ఇంకొక షాఫ్టు. తక్కువ గేర్లలో బలం ఒక జత పళ్ళ మీదుగా పక్క షాఫ్టుకు దిగి, ఇంకొక జత మీదుగా పైకెక్కి చక్రాలకు పోతుంది. పై గేరులో మాత్రం ముందు వెనుక షాఫ్టులు రెండూ నేరుగా లంకెపడి ఒక్కటై తిరుగుతాయి. బలం ఏ పన్ను మీదా పడదు. బలం పడని పన్ను అంతగా అరవదు. నేరు గేరులో నిశ్శబ్దం వచ్చేది అందుకే.

మొదటి సిల్వర్ ఘోస్టుకు ఆ నేరు గేరు మూడోది. నాలుగోది ఇంకా వేగమైనది, మనం ఇప్పుడు ఓవర్‌డ్రైవ్ అనేది. దానిని అప్పుడు పరుగు గేరు అని ముద్దుగా పిలుచుకున్నారు. ఇంజను నెమ్మదిగా తిరుగుతూ బండి వేగంగా పోవడానికి కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. చిక్కెక్కడ వచ్చిందంటే, ఆ నాలుగో గేరు నేరుది కాదు, రెండు జతల పళ్ళ మీదుగా తిరిగి వచ్చేది. అంటే బాగా వేగంగా, చక్కని రోడ్డు మీద, ఎక్కువసేపు నిశ్శబ్దంగా పోవలసిన చోటనే పళ్ళు పాడతాయి. పైగా యజమానులు ఒకసారి నాలుగులో పడ్డాక ఎత్తు వచ్చినా కిందికి దిగనిచ్చేవారు కారు. నాలుగు ఉండగా మూడులో పోవడమేమిటని వారి మర్యాద! బండి ఈడ్వలేక ఈడుస్తూ అరిచేది. ఫిర్యాదులు వచ్చాయి. వినియోగదారుడికి గేరు ఎలా వాడాలో నేర్పడం కంటే గేరు తీసివేయడం తేలికని కంపెనీ తేల్చుకున్నట్టున్నది. 1909లో పరుగు గేరు పోయింది. మూడే మిగిలాయి, మూడోది నేరుది.

నాకు ఇందులో ఆ కంపెనీ మీద కొంచెం కినుక ఉన్నది. పన్ను అరుస్తున్నదంటే పన్ను సరిచేయాలి గానీ ఆ పన్నునే ఊడబెరికితే ఎలా? ఆ కాలంలో సరిచేయడం ఎంత కష్టమో తెలిసినవాణ్ణి కనుక గట్టిగా అనలేను.

మూడు గేర్ల కాలంలో, అసలు గేరు మార్చకుండా పోవడమే గొప్ప అన్న వేలంవెర్రి ఒకటి పుట్టింది. నేపియర్ వారు తమ బండిని లండను నుంచి ఎడిన్‌బరో దాకా టాప్ గేరులోనే నడిపి చూపించారు. దానికి జవాబుగా రోల్స్ రాయిస్ వారు 1911లో ఎర్నెస్ట్ హైవ్స్ చేత లండను నుంచి ఎడిన్‌బరోకూ, తిరిగి లండనుకూ టాప్ గేరులోనే నడిపించారు. గ్యాలనుకు 24 మైళ్ళ పైచిలుకు ఇచ్చింది. అదే బండి బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో గంటకు 78 మైళ్ళు దాటింది. ఇంజను గొప్పతనానికి అది నిదర్శనమే. గేరుబాక్సు వైపునుంచి చూస్తే మాత్రం, మనవాడు బాగా మాట్లాడతాడని చెప్పడానికి వాడి నోరు కట్టేసి సభకు తీసుకుపోయినట్టే.

మరుసటి ఏడాదే కొండ అడ్డం వచ్చింది. 1912 ఆల్ప్స్ పర్వతాల పోటీలో జేమ్స్ రాడ్లీ అనే ఆసామి తన సొంత సిల్వర్ ఘోస్టుతో పాల్గొని, ఆస్ట్రియాలోని కాట్ష్‌బర్గ్ కనుమ దగ్గర ఎక్కలేక ఆగిపోయాడు. ఇంజనులో లోటు లేదు, మొదటి గేరు ఆ ఎత్తుకు చాలినంత చిన్నది కాదు. మూడు గేర్లతో ఇటు నున్నని రోడ్డునూ అటు కనుమనూ రెండింటినీ పట్టుకోవడం కుదరదు. డార్బీలోని కర్మాగారంలో వారికి ఇది తలవంపుగా తోచింది. 1913లో కంపెనీ స్వయంగా మూడు బండ్లను పంపింది, రాడ్లీ తన బండితో మళ్ళీ వచ్చాడు. ఈసారి అన్నిటికీ నాలుగేసి గేర్లు, కాకపోతే నాలుగోది నేరుది. ఆ కొండలన్నీ ఎక్కి మంచి పేరు తెచ్చుకున్నాయి. నిజాం గారి పసుపుబండి ఈ మార్పుకు కొంచెం ముందు తయారైనది. ఊరేగింపు నడకకు మూడు గేర్లేమి, రెండయినా చాలును.

పళ్ళు జరిపే పద్ధతే వద్దన్నవారూ ఉన్నారు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ మొదటినుంచీ గ్రహచక్రాల గేర్లు వాడాడు. నడుమ ఒక గేరు, దాని చుట్టూ గ్రహాల్లా చిన్నవి, అన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న వలయం. ఎప్పుడూ కలిసే ఉంటాయి గనుక కొట్టుకునే మాట లేదు. ఏ వలయాన్ని పట్టి ఆపితే ఆ వేగం. తన బండి వెనుక ఇరుసుకు కావలసిన వర్మ్ గేరును కోయడానికి ఆయన యంత్రాన్ని కూడా తానే రూపొందించుకున్నాడు. వాల్టర్ విల్సన్ కూడా 1900ల తొలినాళ్ళలో విల్సన్-పిల్చర్ కారుకు ఏటవాలు పళ్ళతో గ్రహచక్రాల గేరుబాక్సు చేశాడు. ఆయన ఊహే ఇంకా పదునెక్కి 1930లో డైమ్లర్ కార్లలోకి వచ్చింది. ఇదంతా వేరే కథ.

ఇహ పన్ను దగ్గరికి వస్తాను. అసలు పన్ను ఎందుకు అరుస్తుంది?

దారపు ఉండ నుంచి దారాన్ని బిగుతుగా లాగి పట్టుకుని విప్పుతూ పోతే దారం కొస గాలిలో ఒక వంపు గీస్తుంది. గేరు పన్ను చెక్కిలి ఆ వంపులో ఉండాలి. ఇన్వొల్యూట్ అంటారు. పళ్ళకు ఆ వంపు పనికివస్తుందని పద్దెనిమిదో శతాబ్దంలోనే ఆయిలర్ చూపించాడు. ఆ వంపున్న రెండు పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నంతసేపూ రెండు చక్రాల వేగాల నిష్పత్తి రవ్వంత కూడా మారదు. నిష్పత్తి మారితే, ఒక పన్ను వదిలి ఇంకొకటి పట్టే ప్రతిసారీ చక్రం చిన్నగా ఉలికిపడుతుంది. సెకనుకు కొన్ని వందల ఉలికిపాట్లు. వాటినే మనం కూతగా వింటాం.

వంపు తెలియడం వేరు, ఉక్కులో తేవడం వేరు. 1864లో అమెరికాలో బ్రౌన్ అండ్ షార్ప్ వారు పన్ను సందు ఆకారంలోనే కట్టరు చేసి, ఎన్నిసార్లు సాన పట్టినా ఆకారం చెడని ఉపాయం కనిపెట్టారు. చాలాకాలం గేర్లన్నీ అలా ఒక్కొక్క సందే కోసినవి. పళ్ళ సంఖ్య మారితే వంపు మారుతుంది. ప్రతి సంఖ్యకూ ఒక కట్టరు ఎవరు కొంటారు? అందుకని ఒక పరిమాణానికి ఎనిమిది కట్టర్ల సెట్టు అమ్మేవారు. ఐదో నంబరు కట్టరు 21 నుంచి 25 పళ్ళ దాకా పనికివస్తుంది. ఒంపు కచ్చితంగా కుదిరేది 21కే, మిగతా నాలుగింటికీ సర్దుబాటే. ఎద్దుబండి వేగాన తిరిగే మిల్లు గేర్లకు ఆ సర్దుబాటు చాలు, మోటారుకు చాలదు.

తరువాత వచ్చినవారు వంపును కొలిచి కోయడం మానేసి, వంపు దానంతట అది పుట్టేలా చేశారు. అంతకుముందు బట్టల దుకాణంలో అద్దాల అరల్లో సరుకు అలంకరించే ఉద్యోగం చేసిన ఎడ్విన్ ఫెలోస్ 1896 ప్రాంతంలో, కట్టరునే ఒక గేరుగా చేసి, దానిని కోయబోయే దిమ్మతో జోడుగా తిప్పుతూ కోసే యంత్రం చేశాడు. 1897లో జర్మనీలోని కెమ్నిట్స్‌లో హెర్మన్ ఫౌటర్ హాబింగు మిషనును ఇప్పుడు మనమెరిగిన రూపానికి తెచ్చాడు. హాబు అంటే పెద్ద స్క్రూ వంటిది, మధ్యమధ్య గాళ్ళు కోసి పదును పెట్టినది. హాబు ఒక చుట్టు తిరిగితే దిమ్మ ఒక పన్ను మేరకు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా నడిస్తే, తిన్నని అంచులున్న హాబు పళ్ళు దిమ్మలో కచ్చితమైన వంపును చెక్కుతాయి. మొదటిసారి ఆ మిషను ముందు నిలబడ్డ రోజున, తిన్నని కత్తి వంపును కనడం చూసి నేను భోజనం గంట కూడా వినలేదు.

కోసిన తరువాత కొలిమి. మెత్తని ఉక్కులో కోసిన గేరును బొగ్గుమసాలా కూరిన పెట్టెలో పెట్టి గంటల తరబడి ఎర్రగా కాల్చి, నూనెలో ముంచుతారు. పైపొర గాజులా గట్టిపడి, లోపలి గుజ్జు గట్టి దెబ్బలకు ఓర్చేలా మిగులుతుంది. జరిపే గేర్లకు ఇది లేకపోతే పళ్ళు నిలవవు. ఆ వేడికి, ఆ ముంపుకు గేరు వంకర పోతుంది. ఎంత? వెంట్రుక మందంలో కొంత. ఆ కొంత చాలును కూతకు. గట్టిపడ్డ పన్నును మళ్ళీ సానచక్రంతో వంపు తప్పకుండా అరగదీసే గ్రైండింగు మిషన్లు జ్యూరిచ్‌లో మాక్స్ మాగ్ వంటివారి చేతుల్లో నిలదొక్కుకున్నది 1910ల్లో. రాయిస్ పరుగు గేరు తీసివేయించిన నాటికి ఆ దారి ఇంకా ఇరుకుది.

ఇవన్నీ సరిగా ఉన్నా మిగిలే దోషం ఒకటున్నది. నా కథ దానిమీదనే. హాబింగు మిషనులో దిమ్మను తిప్పే బల్ల కింద ఒక పెద్ద వర్మ్ చక్రం ఉంటుంది. మేము దానిని తల్లిచక్రం అనేవాళ్ళం. తల్లిచక్రానికి 160 పళ్ళున్నాయనుకోండి. దాని పళ్ళు అరిగితే, దిమ్మ ఒక చుట్టు తిరిగేలోపల 160 సార్లు సన్నగా తడబడుతుంది. ఆ 160 తడబాట్లూ కోస్తున్న గేరు మీద కంటికి కనబడని అలలుగా అచ్చు పడతాయి. ఆ గేరుకు ఇరవై ఐదే పళ్ళున్నా సరే. నిమిషానికి 1500 చుట్లు, అంటే సెకనుకు 25 చుట్లు తిప్పితే, పళ్ళ కూత 625 కంపనాల దగ్గర వస్తుంది, ఆ అలల కూత 4000 దగ్గర వస్తుంది. గేరులో ఆ సంఖ్యకు తగిన పళ్ళే ఉండవు గనుక ఈ కూతను మా వృత్తిలో దయ్యపు కూత అంటారు. (సిల్వర్ ఘోస్టుకు దీనితో సంబంధం లేదు.) ఓడల టర్బైను గేర్లు భరించలేనంతగా అరుస్తుంటే, చార్లెస్ పార్సన్స్ 1910ల తొలినాళ్ళలో కారణం ఈ తల్లిచక్రమేనని పట్టుకుని, దోషం ఒకేచోట పడకుండా పన్ను పన్నుకూ జరిగిపోయేలా బల్లకు ఇంకొక మెల్లని నడక కలిపాడు. నాకు పార్సన్స్ టర్బైను కంటే ఈ చిన్న ఉపాయమే గొప్పదిగా తోస్తుంది.

మా కర్మాగారంలో ఒక గది ఉండేది. అందులో రెండు గేర్లను జోడుగా బిగించి, బ్రేకుతో కాస్త బరువు వేసి, నడిచే వేగాన తిప్పేవాళ్ళం. నేను పక్కన నిలబడి వినేవాణ్ణి. బాగుంటే పచ్చరంగు చుక్క, లేకుంటే ఎర్రచుక్క. పదిహేడేళ్ళు రోజుకు ఆరేడు గంటలు విన్నాను. చెవులకు ఏమీ పెట్టుకునేవాణ్ణి కాదు. పెట్టుకుంటే ఇక వినేదేమిటి?

1996లో ఒక పెద్ద ఆర్డరు నడుస్తున్నది. హాబింగు మీద ఉన్నాయన నాకంటే ఐదేళ్ళు పెద్ద, మెదక్ వైపు మనిషి. నేను ఆయనను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను సారూ అనేవాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన పని వదిలి నా గదిలోకి వచ్చాడు. గేరు తిరుగుతున్నది. కాసేపు నిలబడి, "కూత వెడ్తున్నది సారూ. మిషను బల్ల కింది చక్రం అరిగింది. ఇంజనీరు సార్‌కు జెప్పుండ్రి" అన్నాడు.

నేను విన్నాను. నాకేమీ వినబడలేదు. "బాగానే ఉన్నది కదా అన్నా" అన్నాను.

"మీకు ఇనవడ్తలేదా?"

నాకు కోపం వచ్చింది. వినడం నా పని. వెళ్ళి మీ మిషను చూసుకోండి అన్నాను. ఆ గేరు మీద పచ్చచుక్క పెట్టాను. ఆ వారమంతా పచ్చచుక్కలే పెట్టాను.

నెలన్నరకు సరుకు వెనక్కి వచ్చింది. గేరుబాక్సులు ఈలలు వేస్తున్నాయని ఉత్తరం. విచారణ జరిగింది. ఆయన తాను ముందే సారుకు చెప్పానన్నాడు. పైవారు నన్ను పిలిచి, చెప్పాడా అని అడిగారు. ఆ గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఇప్పటికీ గుర్తున్నది. "చెప్పినట్టు గుర్తు లేదండి" అన్నాను.

నాకు గుర్తున్నది. అబద్ధమాడాలని ముందుగా అనుకుని పోలేదు. చెప్పాడని ఒప్పుకుంటే, మరి నీకెందుకు వినబడలేదన్నది తరువాతి ప్రశ్న అవుతుంది. ఆ ప్రశ్న దాకా పోవడానికి భయపడ్డాను. ఇద్దరు చిన్నపిల్లలు, అద్దె ఇల్లు. చెవి లేని తనిఖీదారుకు ఏ పని ఇస్తారు? మిషను సరిగా సెట్టు చేయలేదని ఆయనకు ఆ ఏడు ఇంక్రిమెంటు ఆపారు. తల్లిచక్రం మార్చింది ఇంకో ఏడాదికి.

1998లో, ఎవరికీ చెప్పకుండా, ఊళ్ళో వేరే మూలన ఉన్న ఒక చెవి డాక్టరు దగ్గరకు పోయి పరీక్ష చేయించుకున్నాను. ఆమె కాగితం మీద గీత గీసి చూపించింది. మాట వినబడే చోట గీత బాగానే ఉన్నది. 4000 దగ్గర గోతిలో పడిపోయింది. ఆ అంకె చూసి నేను నవ్వాను. ఎందుకు నవ్వుతున్నారని ఆమె అడిగితే చెప్పలేకపోయాను. పెద్ద శబ్దాల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసేవారికి మొదట పోయేది ఆ చోటేనట. దయ్యపు కూత ఉండే చోటూ అదే. ఆ తరువాత పరీక్షల గదికి కొలిచే పరికరం కొనిపించడానికి పట్టుబట్టాను. చెవి మీద ఆధారపడితే లాభం లేదని పెద్ద నోటు రాశాను. నా దూరదృష్టిని మెచ్చుకున్నారు.

పాత కార్ల గేర్ల గురించి చదవడం ఉద్యోగ విరమణ తరువాత పట్టుకున్నది. పరుగు గేరు అరిస్తే తీసివేశారని చదివినప్పుడల్లా నాకు ఆ హాబింగు మిషనూ, అన్నా గుర్తుకు వచ్చేవారు. చౌమహల్లాలో వంగి నిలబడిన రోజున ఇంటికి వచ్చి, పాత డైరీలో ఆయన నంబరు వెతికాను. అది పనిచేయలేదు. ఇద్దరు ముగ్గురిని అడిగితే, సొంతూరిలో కొడుకు దగ్గర ఉన్నాడని చెప్పారు. పోయిన నెల వెళ్ళాను.

ఆయనకు ఎనభై దగ్గర పడుతున్నాయి. గుర్తుపట్టి కుర్చీ వేయించాడు. చాయ తాగాక చెప్పాను, గుర్తు లేదన్నది అబద్ధమని. ఆయన వెంటనే ఏమీ అనలేదు. లోపలికి పోయి ఒక నోటుపుస్తకం తెచ్చాడు. ఆ ఇంక్రిమెంటు పోయిన నెల నుంచి విరమణ దాకా ఏ నెలకు ఎంత తగ్గిందో, దానిమీద పీఎఫ్ ఎంత పోయిందో, గ్రాట్యుటీ ఎంత తగ్గిందో వరుసగా రాసి ఉన్నది. సిరా వెలిసిపోయింది. కింద మొత్తం రెండు గీతల మధ్య ఉన్నది. ఆ మొత్తం నేను ఇస్తానన్నాను. "ఇప్పుడు దాన్నేం జేసుకుంట సారూ" అని పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

చాలాసేపటికి, "ఇప్పుడు మీ చెవి ఎట్లున్నది?" అని అడిగాడు. చెప్పాను. మరి మీదో అని అడిగాను. తనకు కుడివైపు ఇంకా బాగానే వినబడుతుందన్నాడు.

బయలుదేరేముందు మాటల్లో నిజాం కారు సంగతి వచ్చింది. మూడు గేర్లు, నాలుగు గేర్ల కథ చెప్పాను. ఆయన మధ్యలో ఆపి, ఆ పండ్లు ఏ మిషను మీద గోసిన్రు, హాబు మీదనా, ఫెలోస్ మీదనా అని అడిగాడు. పన్ను చూస్తే గానీ చెప్పలేమన్నాను.

"చూద్దాం. పొడుగు కట్టెకు అద్దం గట్టి కిందికి వెడ్దాం. టార్చి నేను దెస్త."

"పెట్టె మూసి ఉంటుందన్నా. అయినా దగ్గరికి పోనియ్యరు."

"అడుగుదాం" అన్నాడు.